మెస్తాయా కాలువ దాటి

స్పెయిన్ వెళ్తున్నామంటే మా వాళ్లందరూ ఒకటే మాట అన్నారు. కార్డోబా మసీదు చూసి రండి, గ్రనాడాలో అల్‌హంబ్రా చూసి రండి, మనవాళ్లు ఏడెనిమిది వందల ఏళ్లు ఏలిన నేల అది. చెప్పేటప్పుడు కొందరి కళ్లు చెమర్చాయి కూడా. మేం ఆ రెండూ చూడలేదు. ఒక ఫుట్‌బాల్ స్టేడియం చూసి వచ్చాం.

మేం ఇద్దరం అన్నదమ్ములం. పుట్టింది నూర్‌బాషాల ఇంట్లో. ఊళ్లో పిలిచే పేరుతో చెప్పాలంటే దూదేకులవాళ్లం. మా తాతలు దూది ఏకారు, పరుపులు కుట్టారు, పీర్ల పండక్కి గుండం తొక్కారు. గోల్కొండనీ ఏలలేదు, గ్రనాడానీ ఏలలేదు. ఎవరో సుల్తాను కట్టించిన మేడ ముందు నిలబడి ఇది మాది అనడానికి మాకు నోరు రాదు. ఆ మేడల లెక్క తీసి ఇవాళ మమ్మల్ని బోనులో నిలబెట్టేవాళ్లకీ ఇదే మాట చెప్తాం. ఏలినవాళ్ల ఖాతా ఏకినవాళ్ల పేరున రాయకండి.

మా చెల్లెలి కొడుకు వలెన్సియాలో చదువుకుని అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. 2025 మార్చిలో మేం వెళ్లేటప్పటికి రంజాన్ నెల నడుస్తోంది. "మామా, మీరు కోటలు చూడరు, షాపింగ్ చెయ్యరు. మా స్టేడియం చూపిస్తాను పదండి" అన్నాడు. మా స్టేడియం. ఆ "మా" దగ్గరే మేం చెవులు నిక్కించాం. రెండేళ్ల క్రితం దాకా ఆ ఊరి పేరు పలకడం రాని పిల్లవాడు, ఒక దేశం కాని దేశంలో, ఒక మైదానాన్ని మాది అంటున్నాడు. యాభై ఏళ్లుగా పుట్టిన ఊళ్లో ఉంటున్న మాకు, మా ఊరి మైదానాన్ని అంత తేలిగ్గా మాది అనడం ఇంకా చాతకాలేదు.

దాని పేరు మెస్తాయా. వెళ్లడం సులువే. మెట్రోలో అయిదో లైనో ఏడో లైనో ఎక్కి అరగోన్ అనే స్టేషన్లో దిగాలి. పైకి వచ్చి నాలుగడుగులు వేస్తే అపార్టుమెంట్ల మధ్య నుంచి హఠాత్తుగా ఎదురొస్తుంది. ఊరి బయట ఖాళీ జాగాలో కట్టిన స్టేడియాల్లా కాదు. చుట్టూ ఇళ్లు, బట్టలారేసిన బాల్కనీలు, కాఫీ హోటళ్లు, వాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. 1923 మే 20న తెరిచారు. మొదటి ఆటలో ఆ ఊరి వలెన్సియా జట్టు, ఆ ఊరిదే అయిన లెవాంతే జట్టు మీద ఒక్క గోలు తేడాతో గెలిచింది. అప్పట్లో పదిహేడు వేల మంది పట్టేవారు. ఇప్పుడు నలభై తొమ్మిది వేల పైచిలుకు. స్పెయిన్ మొదటి శ్రేణి జట్లు ఆడుకుంటున్న మైదానాల్లో బాగా పాతవాటిలో ఇదొకటి.

లోపలికి వెళ్లి పైవరస ఎక్కితే తెలుస్తుంది. అది మెట్లు కాదు, నిచ్చెన. జాగా చాలక పక్కకు పెంచలేక పైకి పెంచుకుంటూ పోయారు. అంత నిటారుగా ఉంటాయి స్టాండ్లు. పై నుంచి కిందికి చూస్తే తాటిచెట్టు ఎక్కి పొలం చూసినట్టు ఉంటుంది. మధ్యలో పరుగుపందేల ట్రాక్ లేదు. జనం ఆటగాళ్ల నెత్తి మీదే కూచుంటారు. ఎవరేమన్నా కింద వినపడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

చూడవలసినవి చాలానే ఉన్నాయి. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది, విలేఖర్ల గది, మైదానంలోకి వచ్చే సొరంగం దారి, అన్నీ చూపిస్తారు. 1982 ప్రపంచకప్పులో స్పెయిన్ తన మొదటి మూడు ఆటలూ ఇక్కడే ఆడింది. హోండురాస్‌తో సమం, యుగోస్లావియా మీద గెలుపు, ఉత్తర ఐర్లాండ్ చేతిలో ఓటమి. అంతర్యుద్ధం రోజుల్లో మైదానాన్ని సామాన్ల గోదాముగా, మనుషుల్ని నిర్బంధించే శిబిరంగా వాడారు. 1957 అక్టోబర్లో తూరియా నది పొంగి ఊరంతా ముంచినప్పుడు ఇదీ బురదలో మునిగింది. ఆ వరద తర్వాతే నదిని ఊరికి దక్షిణంగా మళ్లించారు. పాత నది గర్భంలో ఇప్పుడు తోటలున్నాయి. 2024 అక్టోబర్ 29న మళ్లీ వచ్చిన వరదలో వలెన్సియా ప్రాంతంలో రెండు వందల ఇరవై మందికి పైగా పోయారు. నదిని మళ్లించినందువల్ల ఊరు బతికింది గాని అవతలి పల్లెలు బతకలేదు. ఆ రోజుల్లో ఇదే స్టేడియంలో బాధితులకోసం తిండీ బట్టలూ పోగుచేశారు. మా మేనల్లుడు కూడా అట్టపెట్టెలు మోశానన్నాడు. వాడి "మా"కి కొంత అర్థం అక్కడ దొరికింది మాకు.

ఇవన్నీ ఒక ఎత్తు. మధ్య స్టాండులో పదిహేనో వరస, 164వ నెంబరు కుర్చీ ఒక ఎత్తు. అందులో ఒక మనిషి కూచుని ఉంటాడు. కంచు మనిషి. ఆయన యాభై నాలుగో ఏట చూపు పోగొట్టుకున్నా రావడం మానలేదు. పక్కన కొడుకు కూచుని ఆటంతా చెవిలో చెప్పేవాడట. ఆయన పోయాక, క్లబ్బు నూరేళ్ల పండగ చేసుకున్న 2019లో, అదే కుర్చీలో ఆయన బొమ్మ పెట్టారు. మేం ఆ పక్క కుర్చీలో చాలాసేపు కూచున్నాం. ఒక్క ఆటా చూడలేని మనిషికి ఇది నీ చోటు అని శాశ్వతంగా రాసిచ్చారు. ఆయన ఎవరి వైపు అని ఎవరూ అడిగి ఉండరు. అడగవలసిన అవసరం రాకపోవడమే గదా చోటంటే.

మమ్మల్ని అడిగేవారు. నోటితో కాదు.

1996 మార్చి 9. ప్రపంచకప్ క్రికెట్, బెంగుళూరులో ఇండియా పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్. మా ఊరి సెంటర్లో ఒక టీ హోటల్లో కలర్ టీవీ. మేమిద్దరం ముందు బెంచీలో కూచున్నాం. వెనక కూచుంటే ఎందుకు వెనక కూచున్నారంటారని ముందే కూచున్నాం. ఆమిర్ సొహైల్ ఫోర్ కొట్టి వెంకటేష్ ప్రసాద్‌కి బ్యాటు చూపించినప్పుడు హోటలంతా నిశ్శబ్దం. కొందరు టీవీ చూడ్డం లేదు. మా మొహాలు చూస్తున్నారు. తర్వాతి బంతికి వికెట్ ఎగిరింది. మేం లేచి చప్పట్లు కొట్టాం. అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాం. ఎక్కడ ఆపితే అనుమానం రాదో ఆ లెక్క మాకు తెలియలేదు. వెనక నుంచి ఎవరో మెచ్చుకోలుగానే అన్నారు, "చూడ్రా, సాయిబులు కూడా కొడుతున్నారు." మేం నవ్వాం.

ఆ రోజు ఇండియా కెప్టెన్ అజహరుద్దీన్. హైదరాబాదు సాయిబు. ఆయన మైదానం మధ్యలో జట్టుని నడిపిస్తున్నాడు. మేం అదే జట్టుకి చప్పట్లు కొట్టి సాక్ష్యం ఇచ్చుకుంటున్నాం.

ఆ చప్పట్ల సంగతి ఇన్నేళ్లూ మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆ కంచు మనిషి పక్కన కూచున్నప్పుడే మొదటిసారి మాట్లాడుకున్నాం. పిల్లవాడు విన్నాడు. విని వాడి సంగతి వాడు చెప్పాడు.

2023 మే 21న ఇదే మెస్తాయాలో రియల్ మాడ్రిడ్ ఆడింది. బ్రెజిల్ నుంచి వచ్చిన నల్లజాతి ఆటగాడు వినీసియుస్‌ని స్టాండులో నుంచి కోతి అని తిట్టారు. అతను గోలు వెనక స్టాండు దగ్గరికి వచ్చి తిట్టినవాణ్ణి వేలెత్తి చూపించాడు. ఆట ఆగిపోయింది. మళ్లీ మొదలైంది. చివర్లో పెనుగులాటలో అతనికే రెడ్ కార్డు చూపించి బయటికి పంపారు. తర్వాత దాన్ని రద్దు చేశారనుకోండి. తిట్లు తిన్నవాడు ముందు బయటికి పోవడం, న్యాయం తర్వాత నింపాదిగా రావడం మనకీ కొత్త కాదు. 2024 జూన్‌లో ముగ్గురికి ఎనిమిదేసి నెలల శిక్ష వేశారు, రెండేళ్లు స్టేడియాల మొహం చూడొద్దన్నారు. ఫుట్‌బాల్ మైదానంలో జాతి దూషణకి స్పెయిన్‌లో పడ్డ మొదటి శిక్ష అది. మొదటి నేరం, చిన్న శిక్ష కాబట్టి జైలుకి మాత్రం పోనక్కర్లేదు.

"ఆ రోజు నేను ఇక్కడ లేను మామా, గదిలో టీవీలో చూశాను" అన్నాడు పిల్లవాడు. "గదిలో వాళ్లలో ఒకడు ఏదో జోకు వేశాడు. కోతి జోకే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

ఎందుకు నవ్వావురా అని మేం అడగలేదు. మాకు తెలుసు. టీ హోటల్లో మేం ఎందుకు నవ్వామో వాడూ అందుకే నవ్వాడు. కాకపోతే మాది మమ్మల్ని అంటే నవ్వడం, వాడిది ఇంకొకణ్ణి అంటే నవ్వడం. రెండోది ఇంకా చెడ్డది. తిట్టు మనదాకా రాకుండా పక్కవాడి దగ్గర ఆగిపోతే లోపల ఒక నిమ్మళం కలుగుతుంది చూడండి, ఆ నిమ్మళం గురించి మనవాళ్లు ఎవరూ రాయరు. మైనారిటీ అన్నాక ఎప్పుడూ తిట్టు తినేవాళ్లమే అని రాసుకోవడం అలవాటైపోయింది. మన ఇళ్లలో పెళ్లిచూపులప్పుడు పిల్ల రంగు గురించి మాట్లాడుకునే మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? హైదరాబాదు ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు తరాలుగా ఉంటున్నారు. నిజాం అశ్వదళంలో పనిచేసినవాళ్ల పిల్లలు, మనతో ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేసేవాళ్లు. వాళ్లని హబ్షీ అని పిలిచేటప్పుడు మన గొంతులో ఏముంటుంది? మమ్మల్ని "ఉర్దూ రాని తురకలు" అని మన ముస్లింలే నవ్వినప్పుడు మాకు కాలింది. అంతలోనే మాకంటే నల్లగా ఉన్నవాణ్ణి వెతుక్కున్నాం.

స్టేడియం చూపించడానికి తీసుకొచ్చి పిల్లవాడు మెడ వంచుకుని కూచున్నాడు. ఇక పొద్దుటి సంగతి చెప్పాలి.

ఆ రోజు గురువారం. వాడే మమ్మల్ని ముందుగా పెద్ద చర్చి దగ్గరికి తీసుకుపోయాడు. "స్టేడియం చూడాలంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి" అన్నాడు. ఎందుకో మొదట అర్థం కాలేదు. చర్చికి అపొస్తలుల ద్వారం అని ఒకటుంది. దాని ముందు ఇనపకటకటాల లోపల గుండ్రంగా కుర్చీలు వేశారు. పన్నెండు గంటలు కొట్టగానే నల్లచొక్కాలు తొడుక్కున్న రైతులు వచ్చి కూచున్నారు. ప్రతి గురువారం ఇదే వేళకి ఇదే చోట కూచుంటారు. వాళ్లది నీళ్ల కోర్టు. తూరియా నది నుంచి పొలాలకి పోయే కాలువల పెద్దలు వాళ్లు. నీళ్లు దొంగతనంగా మళ్లించుకున్నా, పూడిక తియ్యకపోయినా, పక్కవాడి పొలం ముంచినా ఇక్కడికే రావాలి. కాగితం లేదు, ప్లీడరు లేడు. అంతా నోటిమాట, అంతా వాళ్ల వలెన్సియా భాషలో. తీర్పు అక్కడికక్కడే, దాని మీద అప్పీలు లేదు. 2009లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంలో చేర్చింది.

బంట్రోతు ఒక్కో కాలువ పేరూ అరిచి ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. పేర్లు వింటూ ఉన్నాం. కువార్త్, ఫవారా, రస్కన్యా, రొవేయా... మెస్తాయా.

మెస్తాయా కాలువ పేరు!

ఆ కాలువ స్టేడియం పక్క నుంచే పారేది. పాతరోజుల్లో ఆట చూడ్డానికి వచ్చేవాళ్లు కాలువ దాటుకుని వచ్చేవారు. అందుకే మైదానానికి ఆ పేరు. ఇప్పుడు కాలువ చాలావరకు రోడ్ల కింద పడిపోయింది. 1969లో క్లబ్బు మాజీ అధ్యక్షుడు లూయిస్ కసనోవా పేరు స్టేడియానికి పెట్టారు. జనం మాత్రం మెస్తాయా అనడం మానలేదు. చివరికి 1994లో ఆ కసనోవాయే నా పేరు తీసేసి పాత పేరు పెట్టండి అని అడిగాడు. తన పేరు పెట్టించుకునే పెద్దమనుషుల్ని చూశాంగాని తీయించుకున్నవాణ్ణి మేం వినడం ఇదే. హైదరాబాదులో ఫతే మైదాన్ 1967లో లాల్‌బహదూర్ స్టేడియం అయింది. పాతబస్తీ ముసలివాళ్లు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటారు. అయితే ఆ ఫతే ఎవరిది? 1687లో గోల్కొండని కొట్టిన ఔరంగజేబు సైన్యానిది. ఓడినవాడూ ముస్లిమే, గెలిచినవాడూ ముస్లిమే. పేర్లకోసం కొట్టుకునేవాళ్లు ఈ లెక్క ఎప్పుడైనా తీశారో లేదో.

కాలువ సంగతికి వద్దాం. స్పెయిన్ భాషలో కాలువని అసేకియా అంటారు. అది అరబ్బీ మాట, అస్‌సాఖియా. నీళ్లు తాగించేది అని. గజళ్లలో, ఖవ్వాలీలలో సాఖీ, సాఖీ అని వింటాం గదా, గిన్నె నింపి ఇచ్చేవాడు, అదే ధాతువు. మాకు ఉర్దూ రాకపోయినా సాఖీ తెలుసు. ఈ కాలువలు తవ్వి, వంతులు పెట్టి, నీళ్లు పంచుకునే పద్ధతి నిలబెట్టింది ముస్లింల కాలంలోనే. కోర్టు 960లో మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1238లో అరగోన్ రాజు జైమే ఊరు గెలిచాడు. పెద్ద మసీదు ఉన్నచోటే ఈ చర్చి లేచింది. మసీదు తీసేసిన రాజు కాలువల్ని మాత్రం ముట్టుకోలేదు. సారాసెన్ల రోజుల్లో ఎలా పారేవో అలాగే పారాలి అని శాసనం రాశాడు. సారాసెన్లు అంటే ముస్లింలే, వాళ్ల లెక్కలో. కోర్టు చర్చి లోపల కాకుండా గుమ్మం బయట ఎందుకు కూచుంటుందంటే, ఓడిపోయాక కూడా పొలాలు చేసుకుంటున్న ముస్లిం రైతులు చర్చి గడప దాటకూడదు కాబట్టి బయట పెట్టారని చెప్తారు. నిజమో కాదోగాని ఆ ఊళ్లో ప్రతివాడూ ఇదే చెప్తాడు. గడప బయట పంచాయితీ మన ఊళ్లకీ తెలిసిన సంగతే.

ఆ గురువారం ఫిర్యాదులేమీ లేవు. అయిదు నిమిషాల్లో లేచిపోయారు. పక్కనే చౌకులో ఒక ఫౌంటెన్ ఉంది. మధ్యలో పడుకుని ఉన్న మొగాడి బొమ్మ తూరియా నది. చుట్టూ కుండలు పట్టుకున్న ఎనిమిది మంది ఆడపిల్లలు ఎనిమిది కాలువలు. మా మేనల్లుడు వెతికి వెతికి ఒక పిల్ల దగ్గర నిలబడి "ఇదిగో మన స్టేడియం" అన్నాడు. రోజాలో ఉన్నాం, ముందర నీళ్లు దూకుతున్నాయి. అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

సెంటీమెంటుకి ఒక హద్దు పెట్టుకుందామనే మేం అల్‌హంబ్రా మానేశాం. కాని కాలువ దగ్గర మనసు ఆగలేదు. కారణం ఉంది. కాలువ తవ్వినవాడు సుల్తాను కాదు. చేతిలో పార పట్టినవాడు. వాడికి మా తాతకీ పోలిక ఉంది.

వాడి గతి ఏమైందో కూడా చెప్పుకోవాలి. ఊరు ఓడిపోతున్నప్పుడు ఇబ్నుల్ అబ్బార్ అని వలెన్సియాలోనే పుట్టిన కవి సాయం అడగడానికి ట్యూనిస్ వెళ్లాడు. కవిత్వం చదివి సుల్తాను మనసు కరిగించాడు. పంపిన ఓడలు ఊరు చేరనే లేదు. ఊరు పోయాక ట్యూనిస్‌లోనే తలదాచుకున్నాడు. 1260లో అక్కడి సుల్తానే అతన్ని చంపించాడు. మీకు ఇంకో దేశం ఉందిగా, అక్కడికి పోండి అని మాకు చెప్పేవాళ్లు ఈ కవి సంగతి తెలుసుకోవాలి. మనకి ఇంకో దేశం ఉందేమో అని రహస్యంగా ఊహించుకునే మనవాళ్లు కూడా తెలుసుకోవాలి.

పొలాలు చేసుకునే మామూలు ముస్లింలు మాత్రం ఇంకా దాదాపు నాలుగు వందల ఏళ్లు అక్కడే ఉన్నారు. 1520ల్లో బలవంతంగా జ్ఞానస్నానం చేయించారు. పేర్లు మారాయి. మొరిస్కోలు అన్నారు. పంది మాంసం తినకపోతే అనుమానం, శుక్రవారం శుభ్రమైన బట్ట కడితే అనుమానం. ఇన్ని చేశాక కూడా 1609 సెప్టెంబర్లో మూడో ఫిలిప్ రాజు పొమ్మన్నాడు. ముందు వలెన్సియా నుంచే. ఆ రాజ్యంలో ప్రతి ముగ్గురిలో ఒకరు వాళ్లే. స్టేడియానికి అంత దూరంలో లేని గ్రావ్ రేవులో కూడా ఓడలెక్కించారు. ఆఫ్రికా ఒడ్డున దిగినవాళ్లలో చాలామందిని అక్కడివాళ్లు క్రైస్తవులని అనుమానించి దోచుకున్నారు, చంపారు. ఇక్కడ ముస్లింలని తరిమారు, అక్కడ క్రైస్తవులని కొట్టారు.

ఈ సంగతి చదివినప్పటి నుంచి మాకు నిద్రపట్టని రాత్రులు ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, చీరె కట్టి, మేళం పెట్టి పెళ్లి చేసుకుని, కాశింపీరా, నాగులుమీరా అని పేర్లు పెట్టుకునే మాబోటివాళ్లకి ఈ కథ దూరం కాదు. ఇటు సాయిబులు, అటు దూదేకులోళ్లు. ఏ పక్కకి ఎంత జరిగితే చాలునో ఎవరూ కొలత చెప్పరు.

వలెన్సియా జట్టు జెండా మీద గబ్బిలం ఉంటుంది. పిల్లవాడి చొక్కా రొమ్ము మీదా ఉంది. అది ఊరి గుర్తు. దాని వెనక కథ ఏమిటంటే, జైమే రాజు గుడారంలో ఒక గబ్బిలం ఉండేదట, ఒక రాత్రి ముస్లింలు దాడికి వస్తుంటే డప్పు మీద రెక్కలు కొట్టి రాజుని లేపిందట. అంటే ఆ గబ్బిలం మా మీద మోగిన డప్పు. అది తెలిసే తొడుక్కున్నావా అని అడిగాం. "తెలుసు మామా" అన్నాడు. "ఇదే బొమ్మ వేసుకుని ఇక్కడ ఫెఘూలీ ఆడాడు, ఆదిల్ రామి ఆడాడు. వాళ్లు వేసుకోలేదా?" ఒకరి మూలాలు అల్జీరియాలో, ఇంకొకరివి మొరాకోలో. మాకు జవాబు దొరకలేదు. జవాబు దొరకనందుకు సంతోషంగానే అనిపించింది.

ఇప్పటి పిల్లల లెక్కలు వేరు. అష్రఫ్ హకీమీ మాడ్రిడ్‌లో పుట్టి మొరాకోకి ఆడుతున్నాడు. 2022 డిసెంబర్ 6న ఖతార్‌లో పెనాల్టీలలో ఆఖరి బంతి మెల్లగా తోసి స్పెయిన్‌ని ఇంటికి పంపింది అతనే. లమీన్ యమాల్ తండ్రి మొరాకోవాడు. పిల్లవాడు బార్సిలోనా దాపున పుట్టాడు, స్పెయిన్‌కి ఆడుతున్నాడు, రోజాలు ఉంటున్నాడు. మేం వెళ్లిన నెలలోనే అతను ఉపవాసంతో స్పెయిన్ జట్టులో ఆడటం పెద్ద వార్త. ఇద్దరూ ముస్లింలే, చెరొక చొక్కా. ఎవరి ఇష్టం వాళ్లది. మాకు అలా ఎంచుకునే రెండో చొక్కా లేదు, వద్దు కూడా. ఉన్న ఒక్క చొక్కా విప్పి చూపించమని మాటిమాటికీ అడక్కపోతే చాలు.

హైదరాబాదులో ఒక స్కూలు టీచరు ఉండేవాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తయారుచేసిన ఇండియా జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో, అంతా ఇండియాకి వ్యతిరేకంగా అరుస్తుంటే, దక్షిణ కొరియాని ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే కాన్సర్‌తో పోయాడు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చేదాకా మా పిల్లలకి ఆయన పేరు తెలియదు. మాకు మాత్రం అంత బాగా తెలుసునా? టీ హోటల్లో చప్పట్లు కొట్టినప్పుడు రహీం సాబ్ పేరు తెలిసి ఉంటే ఇంకొంచెం ముందే ఆపేవాళ్లమేమో.

స్టేడియం గోడల మీద నూరేళ్ల ఫొటోలున్నాయి గాని ఇంకెంతకాలం ఉంటుందో తెలియదు. 2007లో ఊరికి ఇంకో పక్క కొత్త స్టేడియం మొదలుపెట్టారు. డబ్బులయిపోయి 2009లో ఆపేశారు. పదహారేళ్లు కాంక్రీటు అస్థిపంజరంలా నిలబడింది. 2025 జనవరిలో పని మళ్లీ మొదలైంది. 2027కల్లా అక్కడికి మారిపోతామని క్లబ్బు చెప్తోంది. అప్పుడు పాత మెస్తాయాని పడగొట్టి ఇళ్లు కట్టాలని పథకం. చూడదలుచుకున్నవాళ్లు తొందరగా చూడాలి. కొత్తదాని పేరు నౌ మెస్తాయా. అంటే కొత్త మెస్తాయా. మైదానం పోయినా కాలువ పేరు పోయేట్టు లేదు.

గైడు చివరగా ఇంకొక మాట చెప్పాడు. జనం అరిచే "ఓలే" మన "అల్లా" నుంచి వచ్చిందని. మమ్మల్ని చూసి సంతోషపెడదామని చెప్పి ఉంటాడు. పండితులు ఆ మాట ఒప్పుకోరు. అది మా ఖాతాలో పడకపోయినా నష్టం లేదు. అసేకియా ఉంది. బియ్యానికి వాళ్లనే మాట ఆరోస్ ఉంది, అది అరబ్బీ అర్‌రుజ్. పొద్దున కోర్టు నుంచి నడిచి వస్తుంటే దారిపొడుగునా కనపడ్డ చెట్లున్నాయి. వాటి కాయని వాళ్లు నరాంహా అంటారు. అరబ్బీ నారంజ్, దానికి ముందు పారశీక నారంగ్, దానికి ముందు సంస్కృత నారంగం, అంతకు ముందు మన దక్షిణాది మాటేనంటారు భాషాశాస్త్రం తెలిసినవాళ్లు. అంటే మన నారింజ. అరబ్బు రైతు చేతిలో పడి, కాలువ నీళ్లు తాగి, స్పెయిన్ నోట్లో స్థిరపడింది. దాన్ని మాత్రం ఏ రాజూ ఓడెక్కించలేదు.

ఏడు దాటింది. పొద్దు గుంకుతోంది. స్టేడియం గేటు బయట గట్టు మీద కూచున్నాం. మేనల్లుడు సంచిలో నుంచి ఖర్జూరాలు తీశాడు, నీళ్ల సీసా తీశాడు. సీసా ముందు మాకిచ్చి ఊరుకున్నాడు. కాసేపాగి అన్నాడు, "ఆ జోకు వేసినవాడు నా స్నేహితుడే మామా. మంచివాడే. రేపు వాడికి చెప్పాలి." ఏమని చెప్తావు అంటే, "తెలుగులో అయితే తెలుసు. స్పానిష్‌లో ఇంకా దొరకలేదు" అన్నాడు.

ఫోన్లో అజాన్ మోగింది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాం. మా తమ్ముడు లేచి రోడ్డు పక్క చెట్టు నుంచి రెండు కాయలు తెంపుకొచ్చాడు, పండగపూట పళ్లు లేకపోతే ఎలా అని. వలిచి ముగ్గురం తలా రెండు తొనలు నోట్లో పెట్టుకున్నాం. చేదు! ఊస్తూ దగ్గుతూ ఉంటే గేటు దగ్గర కాపలా మనిషి పరుగున వచ్చాడు. తిట్టడానికే అనుకుని లేచి నిలబడ్డాం. అతను చేతులు ఊపుతూ నవ్వుతున్నాడు. ఇవి వీధి చెట్లవి, అందం కోసం పెంచేవి, తినేవి కావంటున్నాడని పిల్లవాడు చెప్పాడు. అతను లోపలికి వెళ్లి తన డబ్బాలోంచి ఒక మంచి పండు తెచ్చి మా చేతిలో పెట్టి, చిన్నపిల్లలకి చెప్పినట్టు వేలెత్తి దాని పేరు నిదానంగా పలికాడు.

"నరాంహా."

"నారింజ" అన్నాం మేం.